రెండు కంపెనీలు, ఒక గోడ

సారంగపాణి చెప్పులు కొనడానికి మణుగూరు బజారుకు వెళ్లాడంటే దుకాణం వాడు షట్టరు దించే వేళకు గానీ ఇంటికి రాడు. అదీ పాత చెప్పులతోనే వస్తాడు. రెండు జతలు ఎదురుగా పెడితే ఏది తీసుకోవాలో ఆయనకు పాలుపోదు. అలాంటి మనిషి నెత్తిన ఆ ఏడాది ఇంటర్నెట్ వచ్చి పడింది.

తప్పంతా ఆయనది అనడానికి కూడా లేదు. నౌకరీ అలా అలవాటు చేసింది. పాత ఇంక్లైన్ గనిలో ఆయన హాలర్ డ్రైవరు. ఏటవాలుగా భూమిలోకి దిగే ఆ గనిలోంచి బొగ్గు టబ్బులను ఉక్కుతాడుతో పైకి లాగే ఇంజను ఆయన చేతిలో ఉండేది. అడుగున ఏం జరుగుతుందో పైన కూర్చున్నవాడికి కనపడదు. కింది నుంచి గంట మోగాలి. ఒకటి మోగితే ఆపాలి, రెండు మోగితే లాగాలి, మూడు మోగితే తాడు వదలాలి. నాలుగు మోగితే మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఈసారి ఎక్కింది బొగ్గు కాదు, మనుషులు, మెల్లగా లాగమని దాని అర్థం. విన్న గంటను విన్నట్టే తిరిగి కొట్టి, ఆ తర్వాతే లీవరు మీద చెయ్యి వేయాలి. అంటే అన్నేళ్ల నౌకరీలో సారంగపాణి తనంతట తాను తేల్చిన సంగతి ఒక్కటీ లేదు. అన్నీ కింద ఉన్న శ్రీశైలమే తేల్చేవాడు.

ఆ కింద గంట కొట్టే శ్రీశైలం కాలనీలో పక్క క్వార్టరు వాడే. రెండిళ్లకూ మధ్యలో ఒకటే గోడ, పైన ఒకటే సిమెంటు రేకుల కప్పు. వీళ్లింట్లో పోపు వేస్తే వాళ్లింట్లో తుమ్ములు వినపడేవి. ఒకే షిఫ్టు, ఒకే స్కూటరు, పండగకు ఒకే తాను బట్ట. అలాంటి ఇద్దరికీ మాటలు బంద్ అయ్యాయి. కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది కానీ వాళ్ల ముందు నవ్వడానికి కాలనీలో ఎవరికీ ధైర్యం లేదు.

బొగ్గు అయిపోయి గని మూసేసిన రోజు అందరికీ చాయ్, మిక్చరు పంచారు. ఇన్నేళ్లు ఈ గనిని నడిపిందెవరని ఎవరో మాటవరసకు అడిగారు.

"నేను లాగకుంటే ఒక్క టబ్బన్న పైకొచ్చునా?" అన్నాడు సారంగపాణి.

"నేను గంట కొట్టకుంటే నువ్వు లాగుతవా? కూసున్నకాడనే కునుకు తీస్తవు" అన్నాడు శ్రీశైలం.

అందరూ గొల్లుమన్నారు. ఆ నవ్వు సారంగపాణికి ఎక్కడో తగిలింది. ఆయన ఇంకో మాటన్నాడు, ఈయన ఇంకో మాటన్నాడు, చాయ్ చల్లారేలోపు ఇరవయ్యేళ్ల దోస్తీ చెడింది. తర్వాత శ్రీశైలాన్ని పైపైనే తవ్వే ఓపెన్‌కాస్టు గనికి పంపారు, సారంగపాణిని స్టోరులో కూర్చోబెట్టారు. కూర గిన్నెలు మాత్రం పెరటి గోడ మీదుగా చేతులు మారుతూనే ఉన్నాయి. మొగోళ్లకు కోపాలొస్తే వంకాయ కూర ఏం పాపం చేసిందని సారంగపాణి భార్య శ్యామల, శ్రీశైలం భార్య బతుకమ్మ ఒక్క మాట మీద ఉన్నారు.

ఇంటర్నెట్ సంగతి తెచ్చింది సారంగపాణి కూతురు హర్షిత. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు ఇంకా మొదలు కూడా కాలేదు.

"ఇంజనీరింగ్ సీటుకు ఇప్పుడు కాలేజీల పేర్లు నెట్‌లనే పెట్టాలె బాపు. వానకాలంల పెట్టాలె. నువ్వు ఇప్పటిసంది చూడు, అప్పటికి దొరుకుతది" అంది. తండ్రి సంగతి ఆ పిల్లకు బాగా తెలుసు.

కాలనీకి వచ్చే కంపెనీలు రెండే. కేబుల్ టీవీ నడిపే రాంబాబు కొత్తగా మొదలుపెట్టిన గోదారి నెట్ ఒకటి. దాని వైరు బజారు రోడ్డు వెంట వస్తుంది. లంబాడీ తండా నుంచి వచ్చి ఏజెంటుగా చేరిన రూప్‌సింగ్ ఇస్తానన్న శబరి లింక్ రెండోది. దాని వైరు అడవి రోడ్డు వెంట వస్తుంది. రెండింటి రేటూ ఒకటే, ఏది తీసుకున్నా ఏడాది దాకా మార్చడానికి లేదు.

"స్పీడెంత?" అని అడిగాడు సారంగపాణి.

"రెండొందల యాభై ఆరు కేబీ, పాణన్నా" అన్నాడు రాంబాబు.

మర్నాడు రూప్‌సింగ్‌ను అదే ప్రశ్న అడిగాడు. "రెండొందల యాభై ఆరే అన్నా. జర మీదనే వస్తది గాని తక్కువ రాదు" అన్నాడు రూప్‌సింగ్.

ఆ జర ఎంతో తేల్చాలని సారంగపాణి కాలనీ మీద పడ్డాడు. గోదారి నెట్ ఉన్న ఒకరింట్లో కూర్చుని భద్రాచలం గోదావరి వంతెన ఫోటో తెప్పించాడు. ముందు ఆకాశం వచ్చింది, తర్వాత వంతెన, ఆ తర్వాత నీళ్లు. నీళ్లు కనపడే వేళకు ఆయన చాయ్ సగం అయింది. శబరి లింక్ ఉన్న ఇంకొకరింట్లో అదే ఫోటో తెప్పిస్తే చాయ్ సగం కాకముందే నీళ్లు వచ్చాయి. ఇక ఇదే అనుకుని లేచాడు కానీ గడప దాటుతుండగా అనుమానం వచ్చింది. ఆ ఇంట్లో చాయ్ మరీ వేడిగా ఉంది, తాను మెల్లగా తాగాడేమో. మళ్లీ మొదటింటికి వెళ్లాడు. మూడోసారి వెళ్లేసరికి ఆ ఇల్లాలు తలుపు చాటు నుంచే, పాలు విరిగిపోయాయని చెప్పింది.

పరీక్షలు అయిపోయాయి, ఎండలు ముదిరాయి, ఇంట్లో కంప్యూటరు మీద శ్యామల కుట్టిన పూల గుడ్డ కప్పే ఉంది.

"రెండు ఒక్క తీరే ఉంటే ఏదో ఒకటి తియ్యరాదయ్యా" అంది శ్యామల.

"ఒక్క తీరే ఉంటేనే గద కష్టం. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది ఉంటే నాకెందుకీ తిప్పలు?" అన్నాడు సారంగపాణి.

చివరికి ఆయన తనకు తెలిసిన పరీక్ష పెట్టాడు. హాలర్ తాడును చూసేటప్పుడు చేతిలో పాత గుడ్డ పట్టుకుని తాడు పొడుగునా తుడుచుకుంటూ పోతారు. ఎక్కడైనా తీగ తెగి ఉంటే గుడ్డ పోగు దానికి తగులుకుంటుంది. సారంగపాణి ఇద్దరినీ వైర్లు తెమ్మన్నాడు. రాంబాబు తెచ్చిన వైరును పాత లుంగీ ముక్కతో ఈ కొస నుంచి ఆ కొసకు తుడవడం మొదలుపెట్టాడు.

రాంబాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. "పాణన్నా, ఇది బొగ్గు గుంజే తాడనుకున్నవా? లోపటంగ బొమ్మలొస్తయ్, గంతే."

రూప్‌సింగ్ నవ్వలేదు. నవ్వొచ్చిందో లేదో దేవుడికెరుక, వైరు రెండో కొస పట్టుకుని బిగువుగా లాగి నిలబడ్డాడు. "మంచిగ చూడన్నా, తర్వాత నన్ను తిట్టొద్దు" అన్నాడు. తేల్చడానికి సారంగపాణికి అంతకన్నా అక్కర్లేకపోయింది. నవ్వినోని వైరు నా ఇంట్ల వద్దని, ఆ సాయంత్రమే శబరి లింక్ పెట్టించాడు. ఇంట్లో పండగైంది.

ఆ పండగ మర్నాటి పొద్దుటిదాకా ఉంది. పొద్దున పళ్లు తోముకుంటూ బయటికి వచ్చేసరికి పక్క క్వార్టరు గోడకు రాంబాబు నిచ్చెన ఆనించి ఉంది. శ్రీశైలం కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. గోదారి నెట్ వైరు ఆ ఇంటి కిటికీలోంచి లోపలికి పోతోంది.

సారంగపాణి నోట్లో నురగతోనే లోపలికి వచ్చాడు. "చూసినవా? నేను నెలలకొద్ది చూసి చూసి తెచ్చుకున్నదాన్ని కాదని వాడు రెండోది పెట్టిచ్చిండు. నా మీద పంతానికే."

"వాళ్ల కొడుకు పవన్ సెలవులకొస్తే ల్యాప్‌టాప్‌ల చూసుకుంటడట. పంతం ఎందుకుంటది?" అంది శ్యామల.

"చూసుకుంటే శబరి లింక్‌ల చూసుకోరాదా?"

అప్పటి నుంచి ఆయన పొద్దు గూకితే గోడకు చెవి పెట్టి, అవతల ఏమైనా తిట్లు వినిపిస్తాయా అని చూసేవాడు. గోదారి నెట్ ఆగిపోతే తిడతారు కదా. ఒక్క తిట్టూ వినపడలేదు. శబరి లింక్ కూడా బాగానే నడిచింది. రెండూ ఒక్క తీరే నడిచాయి, అదే ఆయన బాధ.

వానాకాలం వచ్చింది, హర్షిత ర్యాంకు వచ్చింది, కాలేజీల పేర్లు పెట్టే వారమూ వచ్చింది. హర్షితకు వరంగల్ కాలేజీలో చదవాలని ఉంది. సారంగపాణికి ఖమ్మం కాలేజీ కావాలి. ఖమ్మమైతే పొద్దున బస్సెక్కితే అన్నం వేళకు పిల్ల ముందుంటాడు. వరుసలో మొదట ఏ పేరు పెడితే ఆ కాలేజీనే ముందు చూస్తారు. ఆమె ర్యాంకుకు రెండూ వస్తాయి కాబట్టి ఖమ్మం మొదట పెడితే వరంగల్ ఆశ వదులుకోవాల్సిందే. సారంగపాణి ఖమ్మమే పెట్టమన్నాడు. హర్షిత, "సరే బాపు" అని పెట్టేసింది.

అలిగి ఉంటే తట్టుకునేవాడు. ఏడ్చినా ఏదో సర్ది చెప్పేవాడు. ఆ పిల్ల అలగలేదు, ఏడవలేదు, వారమంతా కంప్యూటరు మీద పూల గుడ్డ కూడా తీయలేదు. గంట మోగకుండా తాడు కదిలినట్టు ఏదో తేడాగా అనిపించింది ఆయనకు. చివరి రోజు డ్యూటీకి సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపాడు.

"బిడ్డా, వరంగలే మొదట పెట్టు."

హర్షిత ఒక్క క్షణం తండ్రి మొహం చూసి, లేచి కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది. పేర్ల వరుస మార్చుకోవడానికి సాయంత్రం ఐదు దాకా టైముంది. కానీ నెట్ రాలేదు. మళ్లీ మళ్లీ చూసింది, రాలేదు. బయట పొద్దుటి నుంచి ఒకటే వాన. రూప్‌సింగ్‌కు ఫోన్ చేస్తే వాడు గాలిలో అరుస్తున్నట్టు మాట్లాడాడు.

"అడవి రోడ్డు మీద మద్ది చెట్టు పడ్డదన్నా. రెండు పోళ్లు ఇరిగినయ్. రేపటిదాకా కాదు."

"మణుగూరు నెట్ సెంటర్‌కు పోదాం పా" అని సారంగపాణి స్కూటరు తాళం తీశాడు. వాగు పొంగి వంతెన మీదుగా పోతోందని, పొద్దుటి నుంచి బస్సులే లేవని శ్యామల చెప్పింది. ఆయన తాళం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఒక వారం ముందు ఈ మాట అని ఉంటే పిల్ల ఎప్పుడో మార్చుకుని ఉండేది. చెప్పుల దుకాణంలో ఆలోచించినట్టు పిల్ల చదువు గురించి ఆలోచించాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"శ్రీశైలం కాక వాళ్లింట్ల నెట్ వస్తనే ఉండొచ్చు, వాళ్లది బజారు దిక్కు వైరు గద" అంది హర్షిత మెల్లగా. "గాని పవన్ అన్న ల్యాప్‌టాప్ హాస్టల్‌కు తీసుకపోయిండు. మన కంప్యూటర్ మోసుకపోదామంటే తడిసిపోతది. గోడ మీంచి వైరు తెచ్చుకుంటే సరిపోతది బాపు. అడిగి రావాల్నా?"

సారంగపాణి స్కూటరు తాళం తిరిగి మేకుకు తగిలించాడు. హర్షిత ప్లాస్టిక్ కవరు నెత్తిన కప్పుకుని వెళ్లి, తడిసి తిరిగి వచ్చింది.

"మోడెం మీద లైట్లన్ని వెలుగుతున్నయ్, నెట్ మంచిగ వస్తాంది. వైరు చుట్ట గూడ ఉన్నది, ఇస్తడట. గాని..." అని ఆగింది. "మీ బాపునే అడగమను అన్నడు."

సారంగపాణి వరండాలోకి వెళ్లాడు. వెళ్లి, అక్కడి నుంచి కేకేద్దామని నోరు తెరిచాడు. రేకుల మీద వాన మోతకు తన దగ్గు తనకే వినపడలేదు. పోనీ నాలుగడుగులు వేసి వాళ్ల గడపలో నిలబడదామంటే, నిలబడి ఏమనాలి? గని మూసిన రోజు చాయ్ గ్లాసు పట్టుకుని తానన్న మాటలన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. లోపలికి వచ్చాడు. గడియారం నాలుగు దాటింది. హర్షిత ఆయన వంక చూడకుండా గోళ్లు కొరుక్కుంటోంది.

ఆయన వంటింట్లోకి వెళ్లి పచ్చడి బండ తెచ్చాడు. మధ్య గోడ ముందు నిలబడి మూడుసార్లు కొట్టాడు.

"ఏందయ్యా నువ్వు చేసేది?" అంది శ్యామల.

"తాడు వదులుమంటున్న" అన్నాడు.

అవతల చప్పుడు లేదు. సారంగపాణి బండ పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. విన్న గంటను తిరిగి కొట్టడమే గానీ ముందుగా తాను కొట్టడం ఆయనకు ఇదే మొదలు. కొట్టాక, అది అవతలివాడికి వినపడిందో లేదో, వాడు పలుకుతాడో లేదో తెలియని ఆ కాసేపు ఎంత గుబులుగా ఉంటుందో ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ గుబులుతోనే శ్రీశైలం అన్నేళ్లు చీకట్లో నిలబడ్డాడు. పైన తాను కూర్చున్నది కుర్చీలో, పక్కన ఫ్లాస్కుతో.

అవతలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి. విన్నది విన్నట్టు తిరిగి కొట్టాడు శ్రీశైలం. మరో నిమిషానికి గోడకూ రేకులకూ మధ్య సందులోంచి నీలం రంగు వైరు కొస తొంగి చూసింది. సారంగపాణి స్టూలు ఎక్కి అందుకోబోయాడు. వైరు ఇంకా రావాలి. అంతలో అది పైన మేకుకు తగులుకుంది. ఒకటి కొట్టాడు. అటు ఒకటి మోగింది, వైరు ఆగింది. రెండు కొట్టాడు. అటు రెండు మోగాయి, వైరు వెనక్కి పోయి మేకు నుంచి విడిపడింది. మూడు కొట్టాడు. వైరు సరసరా దిగి వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు, ఒక్క మాట అనుకోలేదు. పాత ఇంక్లైన్‌లో కూడా తాడు ఇంత బాగా ఎన్నడూ నడవలేదని సారంగపాణి తర్వాత చాలామందితో చెప్పాడు.

హర్షిత వైరు కొస కంప్యూటరుకు గుచ్చింది. పేజీ మెల్లగా పై నుంచి కిందికి దిగింది. వరంగల్‌ను పైకి జరిపింది, ఖమ్మాన్ని కిందికి జరిపింది, నొక్కాల్సింది నొక్కింది. ఐదుకు ఇంకా టైముంది.

"అయింది బాపు" అంది. వారం తర్వాత ఆ పిల్ల మొహంలో నవ్వు చూసి సారంగపాణికి కళ్లు చెమర్చాయి. పచ్చడి బండ తుడుస్తున్నట్టు తల దించుకున్నాడు.

అప్పుడే బతుకమ్మ గొడుగు ముడుచుకుంటూ లోపలికి వచ్చింది. పనయిందని విని శ్యామల పక్కన కూర్చుంది. "మంచిగైందక్కా. ఎన్నడో ఒకనాడు పనికొస్తదని ఆయన అననే అన్నడు."

"ఏమన్నడు?" అన్నాడు సారంగపాణి. ఆమెతో ఆయన మాట్లాడి కూడా చాలా రోజులైంది.

"మీరు అడవి రోడ్డు దిక్కు వైరు పెట్టిచ్చుకున్ననాడే అన్నడన్నా. మనం బజారు దిక్కుది తీసుకుందాం, గనికి రెండు దారులుండాలె, ఒకటి కూలితే ఇంకోదాంట్లకెళ్లి మనుషులు బయటపడాలె, ఇండ్లకు గూడ గంతే అన్నడు. గీ మాట పాణన్నకు చెప్పొస్త అంటే, నువ్వు చెప్పకు, వానికి అవసరం పడ్డనాడు వాడే కొడతడు తియ్యి అన్నడు."

సారంగపాణి బండ పట్టుకునే స్టూలు మీద కూర్చున్నాడు. తాను చాయ్ గ్లాసుతో ఇంటింటికీ తిరిగి, గుడ్డతో వైరు తుడిచి నెలలు గడిపాడు. వైర్లు ఏ దారిలో వస్తున్నాయో చూడాలని ఒక్కసారీ తోచలేదు. శ్రీశైలానికి తోచింది. అదీ మాటలు లేని రోజుల్లో, తన ఇంటి గురించి తోచింది. పంతమని తాను ఇన్నాళ్లూ అనుకున్నది దీన్నే. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

లేచి మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాడు. ఈసారి ఒక్కో దెబ్బకు మధ్య ఆగుతూ, నాలుగు కొట్టాడు.

"మళ్లేంది? వైరు వచ్చే గద" అంది శ్యామల.

ఆయన వేలు అడ్డం పెట్టి ఆగమన్నాడు. వాన కొంచెం తగ్గింది. అవతలి నుంచి నాలుగు దెబ్బలు, అంతే మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి తిరిగి వచ్చాయి. సారంగపాణి బండ కింద పెట్టి, కండువా భుజాన వేసుకున్నాడు.

"మనిషి ఎక్కిండు, మెల్లగ లాగు అని" అన్నాడు శ్యామలతో. "నాకు చాయ్ పెట్టకు. ఆడనే తాగొస్త."